పొత్తు

ముందు గడ్డి వచ్చింది.
గుర్రాలకు.
ఉత్తరాన బంగారు గనుల కోసం
దొరలకూ దొరలకూ యుద్ధం.
వాళ్ళ గుర్రాలు నెమరైనా వేయవు, ఎంత తెచ్చినా చాలదు.
సముద్రం అవతలి దేశం నుంచి
ఓడల నిండా మోపులు.

దించింది ద్యాని. నోఖ్వేజీ మొగుడు.
మా గోడా వాళ్ళ గోడా ఒకటే,
ఆ పక్క దగ్గితే ఈ పక్క దీపం వణికేది.
మోపుల్లోంచి ఎలుకలు
తాగినవాళ్ళలా తూలుకుంటూ దిగి
ఓడరేవు మెట్ల మీదే చచ్చాయని చెప్పాడు.
తోక పట్టి నీళ్ళలోకి విసరమన్నారట.
ఆ చేతులతోనే సాయంత్రం
పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు.

నేను గదీజాను. బట్టలు ఉతుకుతాను.
కేప్‌టౌన్‌లో ఎవరి దుప్పటి ఎవరిదో
పడుకున్నవాళ్ళకన్నా నాకే బాగా తెలుసు.
కొండవాగులో రాయి మీద మొదట ఆ మరక చూసింది
పెద్ద తోటల వీధి దొరసాని తలగడ గలీబు మీద.
చీము, దాని చుట్టూ నల్లటి అంచు.
పత్రికలో మా పేట పేరు పడటానికి
తొమ్మిది రోజుల ముందు మాట ఇది.
నీలిమందు రెండు చుక్కలు ఎక్కువేశాను.
పోయింది.
ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ ఇంటి మూట పోతుంది.

తరవాత సున్నం బకెట్లు వచ్చాయి,
వాటి వెనక తనిఖీ దొర.
నా చెయ్యి తిప్పి చూశాడు,
రొట్టె ఎంత కాలిందో చూసినట్టు.
కాగితంలో ఏదో గీత గీశాడు.
"పక్కింటివాళ్ళతో పొత్తుందా?"

నా వెనక దూలానికి
మొక్కజొన్న పొత్తులు వేలాడుతున్నాయి,
నోఖ్వేజీ వాళ్ళమ్మ కేయి నది అవతల నుంచి పంపినవి,
ఆకులు జడల్లిక కట్టినవి.
పొయ్యి మీద కుండ కూడా నోఖ్వేజీదే.
వాళ్ళ లిండిలే, తల్లికి జ్వరమొచ్చిన పదకొండు రోజులు
నా పాలు తాగాడు.
మా మతంలో పాలు తాగితే కొడుకే.

"లేదు దొరా" అన్నాను.
"వాళ్ళ నీళ్ళు కూడా ముట్టం."

అడగని మాట కూడా చెప్పాను చూడండి.

తెల్లవారుజామున బాయినెట్లు.
పరుపులు వీధిలోనే తగలబెట్టారు.
రైలెక్కించి, ఊరి బయట ఇసుకలో
రేకుల గుడిసెల్లో దించారట.
నేను కిటికీ తెర వెనక ఉన్నాను.
గంజి బాగా పట్టిన తెర, నా చేతి పనే,
కదిలితే చప్పుడు చేస్తుందని
ఊపిరి బిగబట్టాను.
నోఖ్వేజీ ఇటు చూడలేదు.
చూసి ఉంటే తిట్టేది.
తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగు రోజులు గడిచేసరికి ఓడలు దించేవాళ్ళు లేరు.
గుర్రాలకు ఆకలి.
అందుకని పొద్దున్నే రైల్లో తెస్తారు,
చీకటి పడకముందు రైల్లో తోలుతారు,
టికెట్ డబ్బులు వాళ్ళవే.
పగటిపూట జబ్బు అంటదు కాబోలు.

ఆ నెలాఖరుకు మా వీధిలోకే వచ్చింది.
మా ఆడపడుచు రుగాయా చంక కింద గడ్డ.
శవాన్ని మా మగవాళ్ళ భుజాల మీద మోయనివ్వమన్నారు.
మోసుకెళ్ళే బండిని మేం గుమ్మాల్లోంచి చూశాం.
కొండవైపు మేడల వాళ్ళు
అప్పటికే మా మీద అర్జీ పెట్టారట,
వాగులో మేం బట్టలు ఉతక్కూడదని.
మా చేతులు పడితే
వాళ్ళ తెలుపు మాసిపోతుందట.

పక్కింటి తలుపుకు కొట్టిన పలకలు అలాగే ఉన్నాయి.
గోడ అవతల ఎవరూ దగ్గరు.
ఒకసారి స్టేషన్ దగ్గర ద్యాని కనిపించాడు.
మొల్లో పాసు కాగితం, భుజం మీద గోనె.
"లిండిలే నడుస్తున్నాడా?" అని అడిగాను.
వినపడనట్టు పోయాడు.
రైలు కూత వేసింది మరి,
నిజంగా వినపడలేదేమో.

కుండ కడిగి బోర్లించాను.
పొత్తులు మాత్రం దించలేదు,
వలవడానికి చేతులు రాలేదు.
రాత్రిళ్ళు ఒక ఎలుక దూలం మీద నడిచొచ్చి
ఒక్కో గింజే తీసుకుపోతోంది.

మెలకువగానే ఉంటాను.
తోలను.